మొండి సెట్టు కొత్త క్యాసెట్టు

పావగడలో బస్సు కదలక ముందే డ్రైవరు చొక్కా జేబులోంచి కొత్త క్యాసెట్టు తీసి, దాని మీది పల్చటి కాగితాన్ని పంటితో చించి, "మొండి సెట్టోళ్ళదప్పో! నాలుగేండ్లకు వచ్చినాది, నిన్ననే బెంగళూరు నుంచి దిగినాది, నోరు మూసుకోని వినండి" అని బస్సంతటికీ వినబడేలా అరిచాడు. ఆడవాళ్ళ వైపు మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చున్న యశోదమ్మకు ఆ మాట చెవిన పడగానే పొద్దుటి అలసట సగం దిగిపోయింది. సొసైటీ ముందు ఎండలో పడిగాపులు కాస్తే గాని విత్తనం వేరుశనక్కాయల మూట చేతికి రాలేదు. ఆ మూట ఇప్పుడు బస్సు పైన ఉంది, మొగుడు రామాంజినప్ప వెనక సీట్లో మగవాళ్ళ మధ్య ఇరుక్కుని బీడీ వెలిగించుకుని వాన సంగతి మొదలుపెట్టాడు, మొన్న ఒక పదును వాన పడింది కదా, రేపు తెల్లారి గొర్రు కట్టి విత్తాల్సిందే అంటున్నాడు, ఎవరో కాదంటే వాళ్ళ మీద కసురుకుంటున్నాడు. ఈ మనిషికి నాలుగు చినుకులు పడితే చాలు, జిల్లా అంతా తనకే రాసిచ్చినట్టు మాట్లాడతాడు, మబ్బు తేలిపోతే మళ్ళీ మూడు నెలలు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు అనుకుని యశోదమ్మ తనలో తాను నవ్వుకుంది.

మొండి సెట్టు మొదట పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు సెట్టే. డెబ్బై తొమ్మిదిలో వై.ఎన్.హొసకోటలో ఒక పెళ్ళిలో, పాడే కదిరప్ప గొంతు రంపపు పొట్టు మింగినట్టుందని పెళ్ళికూతురి తండ్రి విస్తళ్ళు వేయకుండానే వాళ్ళను పంపేశాడట. మర్నాడు కదిరప్ప బజారు మధ్యలో నిలబడి, ఆ పెళ్ళిలో వండిన కూరలన్నీ పేరుపేరునా చెబుతూ, అవి తిన్నవాళ్ళనూ తిననివ్వనివాళ్ళనూ కలిపి తిడుతూ ఒక పాట అరిచాడు. జనం పెళ్ళి మరిచిపోయారు గాని ఆ పాట మరిచిపోలేదు. అప్పటినుంచి పదిహేడేళ్ళుగా అదే పని. కదిరప్ప అరుస్తాడు, చిక్కన్న తప్పెట బాదుతాడు, బజారులో కొట్టున్నవాళ్ళ ఇంట్లో పుట్టి బెంగళూరులో ప్రెస్సు పనికి పోయిన గోవిందరాజు అక్కడినుంచి పాత కరెంటు గిటారొకటి మోసుకొచ్చి, ఇంట్లోవాళ్ళు వాకిట్లోకి రావద్దన్నా వినకుండా దాన్ని గీకుతూనే ఉన్నాడు. ఇంగ్లీషు దేశాల్లో కూడా ఇలా అరిచేవాళ్ళున్నారు, దీన్ని పంక్ రాక్ అంటారు అని బెంగళూరు క్యాసెట్ల కొట్టువాడు చెప్తే, కదిరప్ప "పాపం వాళ్ళకి గూడా వాన లేదేమో" అన్నాడని చెప్పుకుంటారు. జాతరల్లో, పరసల్లో వీళ్ళ మీద రాళ్ళు పడ్డాయి, రెండుసార్లు పోలీసులు తప్పెట పగలగొట్టారు, ఒకసారి మండల ప్రధాన్ మనుషులు గిటారును బావిలో వేశారు, దాన్ని ఎండబెట్టి మళ్ళీ వాయించారు, ఆ తర్వాత నుంచి అది తడిసిన కుక్కలా అరుస్తుంది, అదే బాగుందని జనం అన్నారు. ఎవరెన్ని అన్నా వాళ్ళకో నియమం ఉంది, కళ్ళారా చూసింది తప్ప పాడరు. యశోదమ్మ దగ్గర వాళ్ళ అయిదు క్యాసెట్లూ ఉన్నాయి. అమ్మ తిప్పమ్మ బతికున్నన్నాళ్ళూ ఆమెకు కూడా వీళ్ళంటే ప్రాణం. తిప్పమ్మ నడవలో కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, టేపురికార్డరు వైపు చెవి పెట్టి, "అందురూ ఏడుస్తారు, వీళ్ళన్నా అరుస్తాండారు, అది మేలు" అనేది.

మొదటి పాట బోరు లారీ మీద. ఏడు వందల అడుగులు దిగి దుమ్ము తప్ప ఏమీ చూపించని లారీని పెళ్ళికొడుకులా పొగిడి పొగిడి చివర్లో బూతు తిట్టారు, బస్సు గొల్లుమంది, ముందు సీట్లో ముసలాయన కూడా బోసినోరు తెరిచాడు. రెండోది ఎన్నికలప్పుడు వచ్చి నీళ్ళ గురించి మాట్లాడి, వాళ్ళ ఫ్లాస్కులో నీళ్ళు వాళ్ళే తాగి వెళ్ళేవాళ్ళ మీద. ఎంత వయసొచ్చినా కదిరప్ప గొంతు మెత్తబడలేదు, ఇంకా పాడైంది, పాడైనకొద్దీ పదునెక్కింది. యశోదమ్మ మోకాలి మీద వేలితో తాళం వేసింది. కిటికీలోంచి వేడిగాలి, దాంట్లో మొన్నటి వాన వాసన ఇంకా కొంచెం, అక్కడక్కడా ఎర్రనేల నల్లబడి కనిపిస్తోంది, రాళ్ళ గుట్టలు మాత్రం ఎప్పటిలాగే పొడిగా, వానతో తమకేమీ సంబంధం లేనట్టు. అమ్మ ఉంటే ఈ బోరు పాట నాలుగుసార్లు పెట్టించుకునేది. దిగేటప్పుడు ఈ క్యాసెట్టు ఎక్కడ దొరుకుతుందో డ్రైవరును అడగమని మొగుడికి చెప్పాలి, కాయలు వచ్చాక కొందామంటాడేమో, అననీ, ఈసారి ఊరుకోకూడదు.

మూడో పాట తప్పెట ఒక్కదానితో మొదలైంది. గిటారు లేదు, గొంతు లేదు. చిక్కన్న ఒక దెబ్బ వేసి ఆగుతాడు, మళ్ళీ ఒక దెబ్బ, గడ్డపార నేలకు దిగి పైకి లేచేటంత వ్యవధి. బస్సులో నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు. అప్పుడు కదిరప్ప ఒక ప్రశ్న అరిస్తే మిగిలిన ఇద్దరూ జవాబు అరవడం మొదలుపెట్టారు.

"తవ్వు తవ్వు తవ్వు!
మబ్బును కట్టేసింది ఎవరు? అవ్వ!
మారుమాట చెప్పనిది ఎవరు? అవ్వ!
మట్టి కింద దాక్కున్నది ఎవరు? అవ్వ!
తవ్వు తవ్వు తవ్వు!"

ఓ, ఇదా, బోరయ్య కథ అనుకుంది యశోదమ్మ. అనుకోగానే మోకాలి మీది వేలు ఆగింది. ఎనభై అయిదులో సంగతి. రెండేళ్ళు వరసగా చినుకు లేదు, పశువులను గుంపులుగా తోలుకుపోయి అమ్మేస్తున్నారు, అప్పుడు ఊళ్ళో పెద్దలు కూర్చుని, తొన్ను తెల్లమచ్చలున్న మనిషిని పూడ్చితే ఆ మట్టి మీద వాన పడదు, పోయిన ఏడు పోయిన బోరయ్య ఒంటినిండా మచ్చలే, ఆయనను తీసి కాల్చాలి అన్నారు. ఎవరూ కాదనలేదు. కాదనే మాట ఒకటి ఉంటుందని కూడా ఎవరికీ తోచలేదు. ఇంటికో కట్టె అన్నారు, ఏ ఇల్లూ ఒట్టి చేతులతో ఉండకూడదు, పుణ్యమైనా పాపమైనా ఊరందరిదీ అని. యశోదమ్మ గోడ పక్కన కుప్పలోంచి చింతకట్టె ఒకటి లాగి, బరువుగా ఉంటే ఎత్తి భుజాన పెట్టుకుని తనే మోసుకెళ్ళి కుప్పలో వేసి వచ్చింది. మర్నాడు బోరయ్య పెళ్ళాం నీళ్ళకు వస్తే ఆడవాళ్ళందరూ బిందెలు పక్కకు జరిపి ఆమెకు దారి ఇచ్చారు, ఎప్పుడూ లేని మర్యాద, ఆమె ఎవరి ముఖమూ చూడలేదు, యశోదమ్మ కూడా బిందె జరిపింది. ఇన్నేళ్ళకు కదిరప్ప దాన్ని పాట కట్టాడు, కట్టనీ, కట్టాల్సిందే, ఆ కట్టె వేసిన చేతికి ఒక దెబ్బ పడాల్సిందే.

కానీ అవ్వ అంటున్నాడేమిటి. బోరయ్య మగవాడు కదా.

వేరే ఊరిదయ్యుంటుంది. ఏ ఊరైతేనేం, అన్ని ఊళ్ళలోనూ ఇదే తెలివి. ఆ రోజు కట్టె వేసి ఇంటికి వస్తే నడవలో అమ్మ. అప్పటికి అమ్మకు పెదవుల చుట్టూ, చేతివేళ్ళ మీద, మోచేతుల దాకా తెల్లమచ్చలు పాకి చాలా ఏళ్ళయింది. అమ్మ చేతి నీళ్ళు కొందరు తాగేవాళ్ళు కాదు. అమ్మ దాన్ని నవ్వులాట చేసేది, దేవుడు నాకు సున్నం కొడతా కొడతా నడిమధ్యలో వదిలేసి పోయినాడు, సున్నం అయిపోయిందేమో అనేది. ఆ సాయంత్రం మాత్రం నవ్వలేదు. ఊరి బయట పొగ లేస్తూ కనబడుతుంటే కాసేపు దానివైపు చూసి, "మే యశోదా, నేను సచ్చినంక పూడ్చొద్దండే. ఆ పొద్దే కాల్చేయండి. నేను రెండుసార్లు సావలేను" అంది. ఆ మాటకు యశోదమ్మ గుడ్లలో నీళ్ళు తిరిగి, "అట్లే లేమ్మా, నేనుండా గదా" అంది. నేనున్నా కదా అంది. అయిదేళ్ళ తర్వాత, తొంభైలో అమ్మ పోయినప్పుడు, పెద్దవాళ్ళు వచ్చి మన వంశంలో కాల్చేది లేదు, పూడ్చేదే, చేను గట్టున పెడదాం అంటే యశోదమ్మ నోరు తెరవలేదు. భయపడి కాదు. ఇది తనకు తాను ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. కలుపు తీస్తూ తలెత్తి చూస్తే అమ్మ దిబ్బ కనబడుతుంది, అన్నం పెట్టడానికి ఒక చోటుంటుంది, కాల్చేస్తే ఏముంటుంది, గాలి తప్ప. అమ్మ తనకు కావాలి, అందుకు అమ్మకిచ్చిన మాట నోట్లోనే పెట్టుకుని మింగేసింది.

ఇప్పుడు గిటారు కూడా కలిసింది, కదిరప్ప గొంతు తగ్గించాడు. అరుపుల మనిషి గొంతు తగ్గిస్తే భయమేస్తుంది.

"మూడేండ్ల నిద్దర సాలు గాని లేయవ్వా,
ముఖం లేదు, మచ్చ లేదు, యాడ సూసేదవ్వా,
నడుముకాడ కొమ్ము దువ్వెన, ఒక పన్ను ఇరగలే,
తల దువ్వుకోను పోయింటివా, తల కాల్సుకోను వచ్చింటివా!"

కొమ్ము దువ్వెన.

బస్సు ఏదో గుంతలో పడి లేచింది, పక్కనావిడ భుజం తగిలింది, ఆవిడ ఏదో అంది, యశోదమ్మకు వినబడలేదు. కొమ్ము దువ్వెనలు లోకంలో ఎన్ని లేవు, ఆ కాలం ముసలమ్మలందరి దగ్గరా ఉంటాయి. నడుము దగ్గర. నడుము దగ్గర ఎవరు పెడతారు. అమ్మకు నీళ్ళు పోయడానికి ఆడవాళ్ళు బిందెలకోసం బయటికి పోయినప్పుడు, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు, ఎవరైనా చూస్తే పుట్టింటి వస్తువు మట్టిపాలు చేస్తావా అని తిడతారని, కోక కొంగులో చుట్టి అమ్మ నడుము దగ్గర దోపింది యశోదమ్మ. అమ్మ తల చెదిరితే ఒప్పుకునేది కాదు. పొద్దున లేస్తే ముందు దువ్వెన, తర్వాతే దేవుడు. ఆ దువ్వెన సంగతి అక్కచెల్లెళ్ళకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు. ఇంకెవరికి తెలుస్తుంది. మట్టికి తెలుస్తుంది. మట్టి తీసినవాడికి తెలుస్తుంది. మట్టి తీస్తుంటే పక్కన నిలబడి తప్పెట కొట్టినవాడికి తెలుస్తుంది, అలాంటి పనికి తప్పెట లేకుండా గడ్డపార వేయరు, చిక్కన్నను పిలిపించి ఉంటారు, ఇప్పుడు వినబడుతున్న ఈ దెబ్బ ఆ దెబ్బే.

యశోదమ్మకు ఏడుపు రాలేదు. ముందు సీటు కమ్మీని పట్టుకుంది. అప్పుడే వెనకనుంచి, "డ్రైవరన్నా, ఆ పాట ఆపప్పా!" అని కేక వినబడింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఇందాక వాన గురించి దబాయించిన గొంతే. "ఆపప్పా అంటాంటే! వేరేది పెట్టు!" అని మళ్ళీ. ఎవరో నవ్వారు, ఎవరో "ఏం రామాంజినప్పా, నీకు తగిలిందా యేమి" అన్నారు, ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది, అన్నవాడికి ఏదో గుర్తొచ్చినట్టు. డ్రైవరు టేపు ఆపాడు. బస్సులో ఇంజను చప్పుడు మిగిలింది.

తెలుసన్నమాట. ఆయనకు తెలుసు.

తొంభై మూడులో తను ఆంధ్రాలో ఉన్న చెల్లెలు మారక్క పురిటికని సరిహద్దు దాటి వెళ్ళి పన్నెండు రోజులుంది. అప్పుడూ ఇలాగే, రెండేళ్ళ కరువు. వెళ్ళేటప్పుడు రామాంజినప్ప బస్సు దాకా వచ్చి, నెమ్మదిగా రా, ఈడ పనేముండాది అన్నాడు, ఎప్పుడూ రెండో రోజే ఎప్పుడొస్తావని కబురు పెట్టే మనిషి. తను అది ప్రేమ అనుకుంది. పదో రోజు సాయంత్రం మారక్క ఇంటి ముందు వాన మొదలైతే, పసిబిడ్డను లోపల పడుకోబెట్టి ఇద్దరూ వాకిట్లోకొచ్చి పిల్లల్లా తడిశారు, తడుస్తూ ఇద్దరూ అమ్మను తలుచుకున్నారు. తిరిగొచ్చేసరికి ఊళ్ళోనూ వాన, వంకలో ఎర్రనీళ్ళు, జనం ముఖాల్లో వెలుగు. చేను గట్టున అమ్మ దిబ్బ నేలమట్టమై ఉంటే, వానకు కొట్టుకొని పోయిందిలే అని ఆయనే పారతో మట్టి లాగి దిబ్బ కట్టి, ఎక్కడినుంచో నున్నటి రాయి తెచ్చి నిలబెట్టాడు. ఎంత బాగా నిలబెట్టాడు. మట్టిని అరచేత్తో చరిచి చరిచి నున్నగా చేశాడు. గోడ పక్కన కట్టెల కుప్ప తగ్గి ఉంటే, పెండ్లోళ్ళు అడిగితే ఇచ్చినా అన్నాడు. ఏ పెళ్ళి, కరువులో ఎవరు పెళ్ళి చేశారు, అని అప్పుడు అడగాలనిపించలేదు. వాన పడింది కదా. వాన పడితే ఎవరు ఏమడుగుతారు.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు వడలు, పరమాన్నం, అమ్మకిష్టమైన గోంగూర చేసుకుని తట్టలో పెట్టుకుని ఊరి మధ్యనుంచి నడిచి వెళ్ళింది. తర్వాతి ఏడు కూడా. పోయిన ఏడు కూడా. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవాళ్ళు. మర్యాద అనుకుంది. బోరయ్య పెళ్ళానికి తాను జరిపిన బిందె ఇప్పుడు గుర్తొచ్చింది, అది ఏ మర్యాదో ఇప్పుడు తెలిసింది. పక్కింటి తిమ్మక్క ఒకసారి ఎదురుపడి, తట్టవైపు చూసి, "ఎండలో యాడికి మే అంత దూరం, ఇంట్లోనే పెట్టుకోరాదా" అంది. ఎందుకక్కా అంటే ఏమీ లేదు అని గబగబా వెళ్ళిపోయింది. ఆ తర్వాత తన కళ్ళలోకి చూడడం మానేసింది. తను ఏదో మాట జారి ఉంటుందనుకుని, తనే వెళ్ళి చేటెడు కాయలిచ్చి, కోపమా అక్కా అని అడిగింది కూడా. తిమ్మక్క కాయలు తీసుకుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో తెలియక యశోదమ్మ కూడా ఏడ్చింది. దేవుడా, ఊరు ఊరంతా. పలకరించిన ప్రతివాడూ, నీళ్ళ దగ్గర నవ్విన ప్రతి ఆడదీ, కూలికి వచ్చి తన చేతి అంబలి తాగిన ప్రతి మనిషీ.

"పెట్టప్పా" అంది యశోదమ్మ. గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియక లేచి నిలబడి, డ్రైవరు వైపు ఒక అడుగు వేసి మళ్ళీ అంది. "ఆ పాట కడాకూ పెట్టు. నేను వినాల."

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు, ఈమెను చూశాడు. అర్థమై కాదు, ఆ ముఖం చూసి టేపు నొక్కాడు. ఆగిన చోటునుంచే తప్పెట మొదలైంది, ఇప్పుడు వేగం పెరిగింది, ముగ్గురూ కలిసి అరుస్తున్నారు, గొంతులు చిరిగేలా.

"వానొచ్చినాది, కాయొచ్చినాది, ఊరి కడుపు నిండినాది,
ఊరికి పోయిన కూతురొచ్చి ఉత్త గుంతకు అన్నం పెట్టినాది,
సూసినాము, సూసినాము, ఊరంతా సూసినాము,
సెప్పినోడు లేడప్పా, సెప్పినోడు లేడు, మేమూ సెప్పలే!"

మేమూ చెప్పలేదు అనే మాట ఎనిమిదిసార్లు అరిచారు. చివరిసారి కదిరప్ప గొంతు పాటలో లేదు, మనిషి ఎదురుగా నిలబడి చెప్పినట్టుంది. యశోదమ్మ కమ్మీ పట్టుకుని నిలబడే వింది. క్యాసెట్టులో తను ఉంది. రేపు హొసకోట బజారులో, టీ కొట్ల ముందు, పరసల్లో, ముక్కూముఖం తెలియని ఊళ్ళలో, తట్ట నెత్తిన పెట్టుకుని ఒట్టి గుంతకు అన్నం మోసుకుపోయే పిచ్చిది ఉంటుంది. సిగ్గో కోపమో తెలియలేదు, దాని మధ్యలోనే ఒక చల్లటి మాట, ఒక్కరైనా చెప్పారు, మూడేళ్ళ తర్వాతైనా, అరిచైనా. నాలుగో పాట మొదలైంది, ఏదో నవ్వులాట పాట, బస్సులో ఎవరూ నవ్వలేదు. కిటికీలోంచి తమ ఊరి పొలాలు మొదలయ్యాయి, దూరంగా చేను గట్టు, దాని మీద నున్నటి రాయి.

ఆమె వెనక్కి తిరిగింది. మగవాళ్ళ తలల మధ్య మొగుడి తల వంగి ఉంది.

"రామాంజినప్పా!"

బస్సులో ఉన్న ఆడవాళ్ళందరూ తలలెత్తారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ పేరు ఆమె నోటినుంచి ఒక్కసారి కూడా రాలేదు. జనాభా లెక్కలవాళ్ళు వస్తే పక్కింటామె చేత చెప్పించింది. ఆ పేరు అంత తేలిగ్గా, అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలియదు.

"దిగు" అంది.

కండక్టరు ఎవరూ అడగకుండానే ఈల వేశాడు. పైకెక్కి విత్తనాల మూట కిందికి జారవిడిచాడు, అది రోడ్డు పక్క మట్టిలో పడి కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది, నాలుగో పాట దాంతోపాటే దూరమైంది. రోడ్డుకు ఇటు వాళ్ళిద్దరూ, అటు చేను. రామాంజినప్ప తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"రెండు దినాలు ఇంటి ముందర కూర్చునిరి మే. ఊరంతా. ముసలోళ్ళు, బిడ్డ తల్లులు. పశువులు సస్తాండాయి, నీ కాళ్ళు పట్టుకుంటామంటిరి. నేనేం జేతు? మూడో నాటికే వానొచ్చె గదా."

"మారక్క ఊర్లో గూడా వచ్చె" అంది యశోదమ్మ. "ఆ సాయంత్రమే. ఆడ ఎవర్ని తవ్వినారు?"

అతను మబ్బులేని ఆకాశంవైపు ఒకసారి చూశాడు, మూడేళ్ళలో ఈ సంగతి తనకెప్పుడూ తోచనట్టు. నిజంగానే తోచలేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది, అదే ఆమెకు ఇంకా భరించరానిదైంది.

"మాయమ్మ యాడుండాది?"

"అదీ..."

"బూడిద యాడ పోసినారు? చెప్పు. వంకలోనా, తిప్పలోనా, యాడ?"

"వంకలో కలపాల, ఊరి పొలిమేర దాటించాల అనిరి" అన్నాడు రామాంజినప్ప, నేల చూస్తూ. "నాకు మనసు రాలే. ఇల్లరికమొచ్చిన నన్ను బిడ్డ మాదిరి సాకినాది. అందురూ పోయినంక సంచిలో ఎత్తుకొచ్చినా. మన చేన్లోనే సల్లినా మే. మూల మూలకూ. మూడో నాటికి వానొచ్చె, గొర్రు తోలితి. బయట పారేయలే, ఆ దేవుని మీద ఒట్టు, పారేయలే."

ఆ ఏడు పంట గుర్తొచ్చింది యశోదమ్మకు. అన్నేళ్ళలో అంత కాపు లేదు, చెట్టు పీకితే గుత్తులు గుత్తులు. ఉడకబెట్టి తిన్నారు, వేయించి తిన్నారు, నూనె ఆడించారు, బెల్లంతో ఉండలు చేసి మారక్కకు పంపింది. ఎంత తియ్యగా ఉన్నాయక్కా అని మారక్క కబురు పెట్టింది.

ఆమె రోడ్డు దాటింది. అతను మూట భుజానికెత్తుకోబోయి ఆగి అక్కడే నిలబడ్డాడు. ఎదురుగా చేను, దున్ని సిద్ధంగా, మొన్నటి వానకు మెత్తగా, ఒక్క అడుగుజాడ కూడా లేకుండా ఎర్రగా పరుచుకుని ఉంది. యశోదమ్మ చెప్పులు విడిచింది. చేనులోకి ఒక కాలు ఎత్తింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.